బాతులకి పోసిన నురగ

నాబు నది నీళ్ళు కాగింటి మూడో మెట్టు ఎక్కిన ఏడు జరిగింది ఇది. అంకెల్లో కావాలంటే రెండువేల పదమూడు. మా ఊళ్ళో అంకెలు పెద్దగా వాడరు. మొదటి మెట్టు వరద ఏడు నా పెళ్ళయింది. రెండో మెట్టు వరద ఏడు మా ఆవిడ పోయింది. మూడో మెట్టు వరద ఇది.

కాగిల్లు అంటే ఊరి బీరు కాచే ఇల్లు. ఇటికల పొయ్యి, దాని మీద రాగి కాగు, అటక మీద కాచింది చల్లార్చే వెడల్పు పళ్ళెం. ఊరిదని నోటితో అంటాం గానీ తొమ్మిది ఇళ్ళది. ఆ తొమ్మిది ఇళ్ళకే అందులో కాచుకునే హక్కు. హక్కు మనిషిది కాదు, ఇంటిది. మూడేళ్ళకి ఒక్కసారైనా కాయకపోతే ఇంటికి ఆ హక్కు పోతుంది. మూడో ఏడు మార్టిన్ పండగ మధ్యాహ్నానికి, బీరు సిద్ధమని గుర్తుగా, ఇంటి ముందు నక్షత్రం వేలాడాలి, లోపల బీరు పొయ్యాలి. కాయడం అందరి కాగులోనే అయినా పులియడం మాత్రం సొంత ఇంటి కప్పు కిందే జరగాలి. ఈస్ట్ కొనకూడదు. ఇరుగు పొరుగు ఇంటి నుంచి చేతికి చెయ్యి మారి రావాలి. ఇంత రాసిన పుస్తకం ఒకటి ఉంది. అందరికీ నోటికి వచ్చు కాబట్టి ఎవరూ తెరవరు.

నేను ఆ తొమ్మిది ఇళ్ళలో లేను. పదేళ్ళప్పుడు, యుద్ధం ముగిశాక, అమ్మతో సరుకుల రైలు పెట్టెలో సరిహద్దు అవతలి నుంచి వచ్చాను. తొమ్మిదో నంబరు ఇంటి వాళ్ళు మాకు అటక గది ఇచ్చారు. అక్కడా ఇక్కడా కలిపి మూడేళ్ళు బడికి వెళ్ళానేమో. ఆ ఇంటి కొడుకు ఎంగెల్బెర్ట్, నేనూ ఒకే మంచం మీద పడుకుని పెరిగాం. తరువాత నలభై రెండేళ్ళు కాగిల్లు నేనే చూసుకున్నాను. తొమ్మిది ఇళ్ళ బీరూ నా చేతి మీదే కాగింది. నాది అని ఒక పీపా కాగలేదు. బాధపడి చెప్పడం లేదు, ఉన్న సంగతి.

ఎంగెల్బెర్ట్ ఆఖరిసారి కాచింది రెండువేల పది మార్టిన్ పండగకి. తరువాత మంచాన పడ్డాడు, పోయాడు. కూతురు రోస్విత ఊరు విడిచి చాలాకాలం పట్నంలో ఉండి, వరద ఏడు వసంతంలో ఇంటికి వచ్చేసింది. దగ్గరి పట్నం ఆసుపత్రిలో నర్సు పని. జూన్‌లో కాద్దాం బాబాయ్ అంది. జూన్‌లో నీళ్ళు వచ్చాయి.

నీళ్ళు పోయాక బురద మిగిలింది. కింద వీధిలో ప్రతి నేలమాళిగలోనూ మోకాలి లోతు బురద. కాగింటి పొయ్యి తడిసి ఉబ్బింది. ఇటికలు విప్పి, ఆరబెట్టి, మళ్ళీ పేర్చేసరికి అక్టోబరు మూడో వారం. మార్టిన్ పండగ నవంబరు పదకొండు. ఇరవై ఒక్క రోజులు.

మా ఊరి బీరుకి ఇరవై ఒక్క రోజులు చాలవు. అది నేలమాళిగలో, వేలు జివ్వుమనే చలిలో, మెల్లిగా పులుస్తుంది. ఈస్ట్ అడుగున కూర్చుని పని చేస్తుంది. తేరుకోవడానికి రెండు నెలలు. రోస్వితకి వాడదగ్గ నేలమాళిగా లేదు, రెండు నెలలూ లేవు.

"వేరే రకం కాస్తాను బాబాయ్," అంది. "పేల్ ఏల్. వెచ్చగా ముందు గదిలోనే పులుస్తుంది. మూడు వారాల్లో తాగొచ్చు."

"అదెవరిది?"

"ఇంగ్లీషు వాళ్ళది. పేరొక్కటే. గింజ మనది, హాప్స్ పూలు మనవి, ఈస్ట్ కొలోన్ నుంచి నా స్నేహితురాలు పంపుతుంది."

"ఈస్ట్ కొనకూడదు కదా."

"కొనడం లేదు. ఊరికే ఇస్తోంది. అయినా వరదలో అందరి ఈస్టూ కొట్టుకుపోయింది, ఎవర్ని అడగను?"

ఒట్మార్ని అడగొచ్చు. సత్రం నడిపే ఒట్మార్ ఇల్లు తొమ్మిదిటిలో ఒకటి, గుట్ట మీద ఉంది. అతని మాళిగలోకి చుక్క నీరు రాలేదు. కానీ అతని దగ్గర ఉన్నది చలి ఈస్ట్. దీనికి పనికిరాదు. అందుకే అతని పేరు ఎత్తలేదు. తరువాత తెలిసింది, అడగనందుకు అతను అలిగాడని.

సోమవారం కాచాం. ఆమె ముందు గదిలో పట్టే తొట్టి నూట యాభై లీటర్లది. కాగులో అది పావు వంతు. పావు కాగుకి మంట చిన్నదిగా ఉండాలి, పక్కలకి ఎక్కితే మాడుతుంది. బర్చి కట్టెలు సన్నగా చీల్చి వేశాను. మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, పిల్స్ రకం ఒక మూట, మ్యూనిక్ రకం ఏడు కిలోలు. మ్యూనిక్ రకం నమిలితే రొట్టె అంచు రుచి. నీళ్ళు కాగాక మాల్ట్ పిండి కలిపి మోచెయ్యి పెట్టి చూశాను.

"బాబాయ్, చెయ్యి తియ్యి. నా దగ్గర థర్మామీటరు ఉంది."

"ఎంత చూపిస్తోంది?"

"అరవై ఆరు."

"నాదీ అంతే చూపిస్తోంది."

నవ్వింది. మూడో వంతు తీసి వేరే గిన్నెలో మరగబెట్టి తిరిగి పొయ్యడం మా పద్ధతి. అది అక్కర్లేదంది. ఒక గంట కదపకుండా ఉంచి, పిప్పి వడకట్టి, తీపి రసం కాగులోకి ఎత్తాం. మరుగు పట్టాక ముందు చేదు కోసం మా పాత హాప్స్ వేసింది. దింపే ముందు కొత్త రకం ఒకటి వేసింది. మందారీనా అంది. అది కూడా మన హాప్స్ పండే హాలర్‌టావ్‌లోనే పండుతుందట. కాగిల్లంతా నారింజ తొక్క వాసన. నలభై రెండేళ్ళలో ఆ వాసన ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

ఒట్మార్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏం వెన్సెలూ, క్రిస్మస్ కేకు కాస్తున్నావా?"

"బీరు."

"బీరని నువ్వంటున్నావు. ముక్కు ఒప్పుకోవడం లేదు."

రాత్రి పళ్ళెంలో చల్లారింది. మంగళవారం పొద్దున్న బండి మీద రోస్విత ఇంటికి తోలి, తొట్టిలో పోసి, కొలోన్ ఈస్ట్ కలిపాం. గదిలో మట్టి పొయ్యి వెచ్చగా ఉంది. బుధవారం, గురువారం ఆమెకి ఆసుపత్రి డ్యూటీ. రెండు రోజులూ అక్కడే పడుకుంటానంది. తాళం నాకిచ్చి, "కాస్త చూస్తూ ఉండు బాబాయ్," అంది.

మా దగ్గర చూస్తూ ఉండమంటే చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు. పులిసే బీరు మీద నురగ కడుతుంది. దాని మీద గోధుమ రంగు జిడ్డు తేలుతుంది. చేదు, నాలిక పీకుతుంది. అది తీసి పారెయ్యాలి. తియ్యకపోతే బీరులోకి దిగుతుంది. ఎంగెల్బెర్ట్ ఇంట్లో ఆ పని నాదే. ఆ ఇంట్లో మేకుకి తగిలించిన చిల్లుల గరిట పిడి నా చేతికి అరిగింది.

బుధవారం సాయంత్రం వెళ్ళేసరికి తొట్టి అంచు దాకా నురగ. జానెడు మందం. తెల్లగా, మీగడలా ఉంది. ఇంత తెల్లగా ఉందేమిటి అనుకున్నాను. అనుకుని గరిట తీశాను. శుభ్రంగా తీసేశాను. గురువారం పొద్దున్న మళ్ళీ అంత వచ్చింది, మళ్ళీ తీశాను. సాయంత్రం వేలెడు వచ్చింది, అదీ తీశాను. తీసిందంతా బకెట్లో పక్కింటి బుర్గీ బాతులకి. అదీ పాత అలవాటే. మార్టిన్ పండగకి కోసే బాతులు, ఏది పడితే అది తింటాయి.

శుక్రవారం పొద్దున్న రోస్విత వచ్చింది. నేను పొయ్యిలో కట్టె సర్దుతున్నాను. తొట్టి మూత ఎత్తి చాలాసేపు చూసింది. తీపి ఎంత మిగిలిందో చూపించే, తేలే గాజు గొట్టం తెచ్చి రసంలో వేసింది. పన్నెండున్నర దగ్గర మొదలైంది, మూడుకి దిగాలి. ఏడు దగ్గర ఆగింది.

"నురగ ఏది?"

నేను ఇంకో కట్టె అందుకున్నాను.

"పొయ్యి ఆరిపోయిందా రాత్రి?"

"లేదు."

"మరి ఈస్ట్ ఏమైనట్టు బాబాయ్? ఇది అడుగున కూర్చునేది కాదు. పైకి తేలే రకం. నురగ అంటే ఈస్టే. నురగ లేదంటే..." కుర్చీలో కూర్చుంది. కోటు కూడా విప్పలేదు. "నాదే తప్పు. దీన్ని వదిలి వెళ్ళకుండా ఉండాల్సింది."

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. కట్టె సర్దడం అయింది, అయినా సర్దుతూ కూర్చున్నాను. ఆమె కొలోన్‌కి ఫోన్ చేసింది. ఆ స్నేహితురాలికి మళ్ళీ ఈస్ట్ దొరికేది నవంబరు ఒకటి, పునీతుల పండగ వెళ్ళాకే, పోస్టులో చేరేసరికి ఐదో తారీఖు దాటుతుంది. పట్నంలో అడిగింది. గోధుమ బీరు ఈస్ట్ ఉందన్నారు. అది వేస్తే లవంగాల కంపు. ఫోన్ పెట్టేసి, "నాన్న ఇంటి హక్కు నా చేతిలో పోతోంది," అంది. నాతో కాదు, తొట్టితో.

నేను ఇంటికి వచ్చేశాను.

శనివారం తెల్లవారగానే బుర్గీ పెరట్లోకి వెళ్ళాను. బుర్గీకి ఎనభై రెండు. నాకన్నా ఐదేళ్ళు పెద్ద, పదేళ్ళ పెద్దలా మాట్లాడుతుంది. ఎనిమిదో నంబరు ఇల్లు ఆమెదే.

"వచ్చావా, పెద్దమనిషీ! ఏం పోశావయ్యా నా బాతులకి? రెండు రోజులుగా పొట్టలు ఉబ్బి ఫైరింజన్లలా కూస్తున్నాయి."

"మొత్తం తినేశాయా?"

"ఎందుకు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే నోరు తెరవవు వెన్సెల్. ఏమైంది?"

చెప్పాను. నాలుగు ముక్కల్లో చెప్పాను. బుర్గీ నడుం మీద చెయ్యి పెట్టుకుని నా మొహం చూసింది. తరువాత బాతుల వైపు చూసింది. తరువాత నవ్వడం మొదలుపెట్టి, గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"నలభై ఏళ్ళ కాగింటి మాస్టరు! ఈస్ట్ తీసి బాతులకి పోసి, బీరు పులవలేదంటున్నాడు!"

"నలభై రెండు."

"ఇలా రా."

వంటింట్లో బల్ల మీద రొట్టె ఉంది. బోర్లించిన టోపీ అంత ఎత్తు. "నీ మూడో బకెట్ చూస్తే మీగడలా ఉంది, వాసన బాగుంది. మా అమ్మమ్మ కాగింటి నురగతోనే రొట్టె చేసేది. సగం పిండిలో వేశాను. పొంగి, పైన కప్పిన గుడ్డని కింద పడేసింది." అల్మారా తెరిచింది. చల్లగా ఉండే అల్మారా, ఉత్తరం గోడకి. అందులో పచ్చళ్ళ పక్కన పెద్ద సీసా, పైన గుడ్డ కట్టి. "మిగతా సగం వచ్చే వారం రొట్టెకి దాచాను."

చెయ్యి చాచాను. బుర్గీ సీసా వెనక్కి తీసుకుంది.

"ఆ పిల్లకి చెప్పావా?"

"లేదు."

"చెప్తావా, గుట్టుగా పోసి కలిపేస్తావా?"

పోసి కలిపేస్తే ఎవరికీ తెలియదు. వచ్చేటప్పుడు దారిలో అదే అనుకున్నాను.

"చెప్తే తీసుకో. కడిగి, తిరిగి నింపి తేవాలి. ఖాళీ సీసా తెస్తే గుమ్మం తొక్కనివ్వను."

సీసాని కోటు లోపల, చొక్కాకి ఆనించి పెట్టుకుని వెళ్ళాను, కాస్త వెచ్చబడాలని. రోస్విత ముందు గదిలో బెంచీ మీద నిద్రపోతోంది. తొట్టి పక్కనే ఉంది, మూత నా చేతికి అందేంత దూరంలో. ఆమె నిద్ర గాఢంగానే ఉంది. నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను. సీసా కోటులోనే ఉంది. ఎంతసేపో తెలియదు, చర్చి గంట రెండుసార్లు విన్నాను.

కళ్ళు తెరిచి, "బాబాయ్? ఎప్పుడొచ్చావు?" అంది.

"నురగ నేను తీశాను. మూడుసార్లు. మీ నాన్నకి తీసినట్టే తీశాను. బాతులకి పోశాను. ఇది మిగిలింది."

సీసా బల్ల మీద పెట్టాను. ఆమె సీసాని చూసింది, మేకు మీద గరిటని చూసింది.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"రాలేదు."

"మాటా?"

"ఆఁ."

బెంచీ మీద అలాగే కూర్చుంది. నాకు భయం వేసింది. డెబ్భై ఏడేళ్ళవాడికి కూడా వేస్తుంది. ఆఖరికి లేచి గుడ్డ విప్పి వాసన చూసింది.

"నాన్న ఉంటే ఆ గరిటతోనే నీ వీపు విమానం మోత మోగించేవాడు."

"మోగించేవాడు."

"మూత ఎత్తు."

పోసి, అడుగు నుంచి కలిపి, పొయ్యి పెంచాం. ఆదివారం పూజ నుంచి వచ్చేసరికి తొట్టి మీద బెత్తెడు తెల్ల నురగ. నేను చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. రెండు రోజులు ఆగి, ఆమే చెంచాతో కొంచెం నురగ తీసి వేరే సీసాలో పెట్టుకుంది. "తీస్తే ఇలా దాచడానికి తియ్యాలి బాబాయ్, బాతులకి కాదు." గొట్టం ఎనిమిదో రోజుకి మూడుకి దిగింది. పీపాకి ఎత్తి, మిగిలిన హాప్స్ గుడ్డలో కట్టి వేలాడదీసి, కాచిన రోజు దాచిన తీపి రసం ఒక జగ్గు కలిపి బిరడా కొట్టాం.

మార్టిన్ పండగ రోజు పదిన్నరకి రోస్విత నక్షత్రం కట్టింది. ఆరు మూలల చెక్క నక్షత్రం, దేవదారు కొమ్మతో. పన్నెండుకి మిగతా ఎనిమిది ఇళ్ళ వాళ్ళూ వచ్చి ముందు గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఎప్పుడూ అక్కడే నిలబడతాను.

పీపా తెరిచింది. తేనె రంగు, తెల్లటి నురగ. అందరూ తాగారు. చేదు ముందు రాలేదు, మింగాక వచ్చింది. గ్లాసులు ఎవరూ కింద పెట్టలేదు.

ఒట్మార్ పెట్టాడు. ఖాళీ చేసి పెట్టాడు.

"బాగుంది," అన్నాడు. "బాగోలేదని నేననను. కానీ రోస్వితా, ఈస్ట్ సంగతి ఏమిటి? పొరుగింటి నుంచి చేతికి చెయ్యి మారాలి. నీది పోస్టులో వచ్చింది. ఊరందరికీ తెలుసు. పోస్టుమాన్ నా సత్రంలోనే భోంచేస్తాడు."

"వరద వచ్చింది కదా ఒట్మార్ గారూ."

"నా ఇంటికి రాలేదు. నా దగ్గర ఈస్ట్ ఉంది. నా గుమ్మం ముందు నుంచే రోజూ బస్సుకి వెళ్ళావు. ఒక్క మాట అడిగావా?"

"మీది చలి ఈస్ట్. నా దగ్గర మాళిగ లేదు."

"ముందు అడిగి, తరువాత వద్దనాల్సింది. మీ నాన్న అయితే అడిగేవాడు. పుస్తకంలో చలిదా వెచ్చనిదా అని లేదు. పొరుగింటిది అని ఉంది. కొలోన్ పొరుగిల్లు కాదు. ఇవాళ దీనికి వదిలేస్తే రేపు దేనికైనా వదలాలి."

రోస్విత చెంపలు ఎర్రబడ్డాయి. మిగతావాళ్ళు బల్ల వైపు చూస్తున్నారు. ఒట్మార్ అన్నది నియమమే, కాదనడానికి ఎవరి దగ్గరా మాట లేదు. బుర్గీ మాత్రం తలుపు వైపు, నా వైపు చూస్తోంది. ఆమె చెప్పొచ్చు. చెప్పడం లేదు.

"పొరుగింటి నుంచే వచ్చింది," అన్నాను.

అందరూ తిరిగారు. ఆ గదిలో, ఆ రోజున, నేను నోరు విప్పడం అదే మొదటిసారి.

"వెన్సెలూ, ఇక్కడ నీకు మాట లేదు," అన్నాడు ఒట్మార్. కోపంగా కాదు.

"తెలుసు. మాట కాదు, జరిగింది చెప్తున్నాను. కొలోన్ ఈస్ట్ తొట్టిలో లేదు. నేను తీసేశాను. చలి బీరు అనుకుని మూడుసార్లు గరిటతో తీసి బుర్గీ బాతులకి పోశాను. బీరు ఆగిపోయింది. తరువాత బుర్గీ తన అల్మారాలోంచి సీసా ఇచ్చింది. నా చేతికిచ్చింది. నేను రోస్విత చేతికిచ్చాను. ఇప్పుడు మీరు తాగింది దాంతో పులిసింది."

ఒట్మార్ కుర్చీ నా వైపు తిప్పాడు.

"ఎవరు తీశారు?" అన్నాడు ఒట్మార్.

"నేను."

"నువ్వు? ఈస్టుని?"

"బాతులకి," అంది బుర్గీ. "సాక్షులు కావాలంటే పదకొండు ఉన్నాయి నా పెరట్లో. అందులో ఒకటి ఇప్పుడు పొయ్యిలో ఉంది."

గదంతా పకపకలాడింది. ఐదో నంబరు ఇంటాయన గ్లాసులో బీరు ముక్కులోకి పోయి దగ్గాడు. నవ్వు తగ్గినట్టే తగ్గి, ఎవరో మెల్లగా బాతులా కూశారు, మళ్ళీ మొదలైంది. నేను టోపీ చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాను. చెవులు కాలిపోయాయి.

ఒట్మార్ ఒక్కడే నవ్వలేదు. "అయినా అది ఆ కొలోన్ నురగే కదా బుర్గీ."

"నా బాతులకిచ్చింది నాది. నాది నేను ఇస్తేనే వెళ్ళింది. నా అల్మారా, నా సీసా, నా చెయ్యి. ఎనిమిదో నంబరు తొమ్మిదికి పొరుగు కాకపోతే, ఇక ఎవరు పొరుగు? నువ్వా, గుట్ట మీద?"

ఒట్మార్ రోస్విత వైపు చూశాడు.

"వచ్చేసారి అడుగుతావా?"

"అడుగుతాను. మీ దగ్గరే మొదట అడుగుతాను."

ఖాళీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. "అయితే ఇంకో గ్లాసు పొయ్యి."

అంతే. పుస్తకం ఎవరూ తెరవలేదు. రెండో గ్లాసు తాగితే ఒప్పుకున్నట్టు. చీకటి పడేలోపు పీపా అడుగు కనిపించింది. వెళ్ళేటప్పుడు ఒట్మార్ నా భుజం మీద కొట్టి, "శుభరాత్రి, బాతుల మాస్టరూ," అన్నాడు. ఆ పేరు ఇప్పటికీ ఉంది. కాగింటికి వచ్చే పిల్లలు కూడా అదే అంటారు. తొమ్మిదో నంబరు ఇంటికి హక్కు కూడా ఇప్పటికీ ఉంది.

మర్నాడు పొద్దున్నే రోస్విత ఇంటికి వెళ్ళి, ఆమె దాచిన నురగలో సగం బుర్గీ సీసాలోకి ఎత్తాను. సీసాని ముందే వేడినీళ్ళతో రెండుసార్లు కడిగాను. గుడ్డ కట్టి, పెరటి దారిన తీసుకెళ్ళి ఎనిమిదో నంబరు గుమ్మం మీద పెట్టాను. బాతులు పది ఉన్నాయి. కూశాయి. వచ్చేశాను.